తాడు చివరి ముడి

"ఒప్పుకునే ముందు నన్నొక్క మాట అడిగారా?" అంది అమ్మ.

నాన్న నుదుటి మీద ఉన్న భూతద్దాన్ని కంటి మీదకి దించుకుని, ఎవరిదో చేతిగడియారం వెనకమూత తెరిచాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా నాన్న గడియారంలోకి వెళ్ళిపోతాడు. మళ్ళీ బయటికి రావాలంటే ఎవరో ఒకరు భోజనానికి పిలవాలి.

ముందుగదిలో బయటి మనిషి కూడా ఉన్నాడు. పురపాలక కార్యాలయం గుమాస్తా. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉంటుంది కాబట్టి ఊళ్ళో అందరికీ ఆయన గొడుగుగారు. ఆయన ముందు పెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది.

"అమ్మా, ఇది చిన్న విషయం కాదు," అన్నాడాయన. "ఊరికి ఉచితంగా సేవ చేసినవాళ్ళని పదకొండుమందిని ఎంచాం. రక్తమిచ్చినవాళ్ళున్నారు, చెట్లు పెంచినవాళ్ళున్నారు. అందరిలోకీ ముందు పిలిచేది మిమ్మల్నే. పదేళ్ళు ఆ రాళ్ళబాట మీద పిల్లల్ని నది దాటించి బడికి చేర్చారు. ఒక్క పిల్ల కాలు తడవలేదు."

"తడిసింది," అంది అమ్మ. "చాలాసార్లు తడిసింది."

మంచం మీద నుంచి నాన్నమ్మ అందుకుంది. "అలాగే రాసుకో నాయనా. కాళ్ళు తడిశాయని రాసుకో. మా కోడలికి అబద్ధమంటే గిట్టదు."

అమ్మ ముఖం నేలకి వాలిపోయింది. నేను గబుక్కున లేచి టీ గ్లాసు తీసేశాను.

అబద్ధం ఆ గదిలోనే, మా ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది. అమ్మకి చూపు పోతోంది. ఆ సంగతి అమ్మకి తెలుసు. నాకు తెలుసు. తెలుసని మేం ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు.

"మీరు చెయ్యాల్సింది ఏమంత లేదు," అన్నాడు గొడుగుగారు. "రేపు ఉదయం పదింటికి కొత్త వంతెన తెరుస్తారు. మొట్టమొదట వంతెన దాటేది మీరే. ముందు మీరు, వెనక తాడు పట్టుకుని పిల్లలు. అచ్చం రోజూ నడిచినట్టే. అవతలి ఒడ్డున వేదిక. ఏడు మెట్లు ఎక్కగానే పతకం వేస్తారు. ఆ తాడుని అద్దాల పెట్టెలో పెట్టి కార్యాలయంలో ఉంచుతాం. ఇకనుంచి వంతెన ఉంది కదా, మీకూ విశ్రాంతి."

"రోజూ నడిచినట్టే," అంది అమ్మ మెల్లిగా.

"అంతే. ఒక్క చిన్న మార్పు. చివరి ముడి దగ్గర మాత్రం పురపాలక సంఘం అధ్యక్షులవారు ఉంటారు. ఫొటోలో బాగుంటుంది. అమ్మాయి పెద్దదైపోయింది కదా, చిన్నపిల్లల మధ్య పొడుగ్గా కనిపిస్తుంది." నా వైపు చూసి నవ్వాడు. "ఏమ్మా, కోపం లేదుగా?"

నేను తల అడ్డంగా ఊపాను. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు.

చివరి ముడి నాది.

*

ఆ తాడుకి పద్దెనిమిది ముడులున్నాయి. ఒకప్పుడు బట్టలారేసుకున్న తాడే. నాకు అయిదేళ్ళప్పుడు అమ్మ నన్ను బడికి తీసుకెళుతూ, మంచులో నేను జారిపోతానని దాని కొసని ముడివేసి నా చేతికిచ్చింది. వారం తిరిగేసరికి పక్కింటి పిల్లలు చేరారు. ఆ పైన వీధి చేరింది. ఎవరి ముడి వాళ్ళదే. పెద్ద బడికి వెళ్ళిపోయే పిల్ల ఆఖరిరోజున తన ముడి విప్పి, కొత్తగా వచ్చే పిల్ల చెయ్యి ఎంతుందో చూసి, దానికి తగ్గట్టు మళ్ళీ వెయ్యాలి. అది మా పద్ధతి. ఎవరు పెట్టారో తెలీదు. నేను మాత్రం పెద్ద బడికి మారాక కూడా చివరి ముడి వదల్లేదు.

రాళ్ళబాట రెండు మూరల వెడల్పు. అటూ ఇటూ నీళ్ళు. పట్టుకోవడానికి ఏమీ లేదు. చలికాలం ఉదయాల్లో మంచు నది మీద నుంచి లేచి మా మోకాళ్ళ దాకా వచ్చేది, తర్వాత భుజాల దాకా, తర్వాత మేం ఉండేవాళ్ళం కాదు. నా చెయ్యి నాకే కనిపించేది కాదు. ముందు ఎక్కడో అమ్మ అడుగులు లెక్కపెడుతున్న గొంతు, చేతిలో తడి ముడి, అంతే. నిద్రలో నడుస్తున్నట్టుండేది. నాలుగు వందల పన్నెండో అడుగు దగ్గర బడి గంట వినిపించేది, అప్పుడు మేలుకునేవాళ్ళం.

తాడుకి ఒక భాష ఉంది. ఒక్క కుదుపంటే ఆగమని. రెండంటే నడవమని. ఎవరైనా వెనకబడితే చివర ఉన్నవాళ్ళు కుదపాలి.

నిరుటి చలికాలం, మంచు లేని ఒక రోజు, అమ్మ ఎదురింటి తీగ మీద ఆరేసిన దుప్పటిని చూసి, "వదినా, ఇంత పొద్దున్నే లేచారే," అంది. పిల్లలందరూ పడీపడీ నవ్వారు. అమ్మా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ నవ్వులో అమ్మ గొంతు చివర చిన్న వణుకు విన్నాను.

ఆ తర్వాత చూడడం మొదలుపెట్టాను. గుండీల ఫ్యాక్టరీలో అమ్మ రంగులు విడదీసే బల్ల నుంచి సైజులు విడదీసే బల్లకి అడిగి మరీ మారింది. సైజులైతే వేళ్ళు చెబుతాయి. కూరలో ఉప్పుని చెంచాతో మానేసి చిటికెతో వేస్తోంది. రాళ్ళబాట మీద నూట నలభయ్యో అడుగు దగ్గర ఎడమకి చిన్న వంపు ఉంది. అక్కడ అమ్మ కుడివైపుకి, నీళ్ళవైపుకి జరిగిపోతోంది.

మొదటిసారి నేను భయంతో తాడు కుదిపాను. అమ్మ ఆగింది.

"ఏమైంది?"

"బుడ్డదాని చెప్పు జారింది," అన్నాను. బుడ్డదంటే మొదటి ముడి పట్టుకునే పిల్ల. మా అందరిలో చిన్నది.

అమ్మ నిలబడి, కాలితో రాయి అంచు తడుముకుంది. ఎడమకి జరిగింది. రెండు కుదుపులిచ్చాను. నడిచాం.

ఆ రోజు నుంచి అదే పని. బుడ్డదాని చెప్పు జారింది. తాడు మధ్యలో ఉండే కవలల చెప్పు జారింది. ఆ ఏడాది మా పిల్లల చెప్పులు జారినన్నిసార్లు లోకంలో ఎవరి చెప్పులూ జారి ఉండవు.

*

గొడుగుగారు లేవలేదు. నాన్న గడియారంలో నుంచి బయటికి రాలేదు. మధ్యలో అమ్మ నిలబడి ఉంది.

"ఊరంతా చెప్పుకున్నాను," అన్నాడు నాన్న చివరికి, తల ఎత్తకుండానే. "కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. వంతెన గడియారం బిగించే పని కూడా నాకే ఇచ్చారు. అది చూసి నువ్వు సంతోషిస్తావనుకున్నాను."

"సంతోషమే."

"మరి?"

అమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"సిగ్గేమో," అంది నాన్నమ్మ. "పెళ్ళిచూపుల్లోనూ ఇంతే, గోడవైపు తిరిగి కూర్చుంది. ఒసే అమ్మాయ్, ఇప్పుడు నిన్నెవరూ చూసి వద్దనరులే. వెళ్ళు."

గొడుగుగారు నవ్వాడు. నాన్న కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వులయ్యాక నాన్న చేతిలో గడియారం టిక్కుటిక్కుమనడం వినిపించింది.

"ఇవాళ సాయంత్రం ఒకసారి నడిచి చూస్తాను," అంది అమ్మ. "నడవగలిగితే రేపు వస్తాను. లేదంటే రాను. నన్ను బలవంతం చెయ్యకండి."

"నడవగలగడమేంటమ్మా," అన్నాడు గొడుగుగారు లేస్తూ. "ఆ రాళ్ళమీద కళ్ళు మూసుకుని నడుస్తారని పేరు మీకు."

*

పెరట్లో అమ్మ తాడు ఉతికింది. సబ్బునీళ్ళ తొట్టిలో ఒక్కో ముడినీ బొటనవేలితో రుద్దింది. మధ్యాహ్నపు ఎండ నీళ్ళమీద పడి, గోడమీద వెలుగు చేపల్లా ఈదుతోంది. నేను గట్టు మీద కూర్చున్నాను.

"ఇది కవలలది," అంది అమ్మ. "ఇద్దరికీ ఒకే ముడి కావాలని ఏడ్చారు, గుర్తుందా? ఇది వడ్రంగి మనవరాలిది. గట్టిగా కొరికేది, చూడు ఎలా పీచులేచిందో." చివరిదాకా వచ్చి ఆగింది. "ఇది నీది."

"ఊఁ."

"నువ్వు కుదుపుతున్నావని నాకు తెలుసే."

తొట్టిలో నురగ ఒక్కొక్క బుడగా పగులుతోంది.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు మొదలుపెట్టిన రోజు నుంచి. బుడ్డది నా వెనకే ఉంటుంది. దాని చెప్పు చప్పుడు నాకు వినపడదా?"

ఏడాదంతా నేను దాచుకున్న సంగతిని అమ్మ నాకన్నా జాగ్రత్తగా దాచింది.

"మొదట మంచే అనుకున్నాను," అంది అమ్మ. "ఈ ఏడు మంచు ఎక్కువగా ఉందనుకున్నాను. ఎండాకాలం వచ్చింది. అందరికీ విడిపోయింది. నాకు విడిపోలేదు."

"డాక్టరు దగ్గరికి వెళదాం అమ్మా. నాన్నతో చెబుదాం. ఇప్పుడే."

"చెబితే ఏమంటారో తెలుసా? పద్దెనిమిదిమంది పిల్లల్ని నీళ్ళ మధ్య చూపులేకుండా నడిపించావా అంటారు. నిజమే కదా. రేపు పతకం వేసేది దానికేనా?" తాడు పిండింది. నీళ్ళు ధారగా కారాయి. "ప్రతిరోజూ ఇవాళే ఆఖరు అనుకునేదాన్ని. పొద్దున్న తలుపు తియ్యగానే వాళ్ళు వరసలో నిలబడి ఉండేవాళ్ళు. చివర నువ్వుండేదానివి. ఇంకొక్కరోజు అనుకునేదాన్ని."

"తప్పు నాది కూడా."

"నీది కాదు. నువ్వు చిన్నదానివి."

"చిన్నపిల్లల మధ్య నిలబడితే పొడుగ్గా కనిపిస్తానట," అన్నాను.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తాడుని తీగ మీద ఆరేసింది.

"కొత్త వంతెన నా కాళ్ళకి తెలీదు," అంది చివరికి. "దాని అడుగులు నేను లెక్కపెట్టలేదు. సాయంత్రం నడుస్తాను. పడిపోకుండా దాటితే రేపొక్కరోజు ఆ పతకం వేయించుకుని, ఇంటికొచ్చి మీ నాన్నకి చెబుతాను. తడబడితే అక్కడే, అందరి ముందే చెప్పేస్తాను. నువ్వు మధ్యలో రావద్దు. అరవొద్దు. మాటివ్వు."

"ముందే నాన్నకి చెప్పొచ్చు కదా?"

"మీ నాన్న ఆ అద్దం పెట్టుకుంటే చీమ కాలికి అంటిన దుమ్ము కూడా కనిపిస్తుంది," అంది అమ్మ. కోపంగా కాదు, ఎక్కడో దూరంలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు. "ఏడాదిగా నా ఎదురుగా కూర్చునే తింటున్నారు."

మాటిచ్చాను.

*

కొత్త వంతెన ఇంకా రంగు వాసన వేస్తోంది. పొద్దు వాలుతోంది. నది ఆ చివర నుంచి ఈ చివర దాకా నారింజరంగులో కదలకుండా పడి ఉంది. కింద మా పాత రాళ్ళబాట చిన్నగా, ఎవరో మరిచిపోయిన గీతలాగా కనిపించింది. ఇన్నేళ్ళలో దాన్ని పై నుంచి చూడడం అదే మొదటిసారి. ఇంత సన్నటిదా అనిపించింది.

వంతెన అవతలి కొస దగ్గర స్తంభానికి నిచ్చెన వేసుకుని నాన్న గడియారం బిగిస్తున్నాడు. అద్దం ఇంకా పెట్టలేదు. ముళ్ళు జేబులో ఉన్నాయి. పిల్లలందరికీ సన్మాన సంఘం వాళ్ళు కొత్త తెల్లబూట్లు ఇచ్చారు. లేసులు గట్టిగా, రెండేసి ముడులు వేసి కట్టారు. పిల్లలు మాటిమాటికీ కిందకి చూసుకుంటున్నారు.

గొడుగుగారు నా చేతిలో నుంచి చివరి ముడి తీసుకున్నాడు. "ఇవాళ్టికి అధ్యక్షుణ్ణి నేనే," అన్నాడు. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో గొడుగు. నన్ను నాన్నమ్మతో పాటు ముందే అవతలి కొసకి వెళ్ళి నిలబడమన్నాడు. దాటుతూ చూశాను. వంతెనలో మూడోవంతు దాటాక కుడివైపు కమ్మీ ఇంకా బిగించలేదు. అక్కడ ఒక రంగు నాడా మాత్రం కట్టారు. రాత్రికి బిగిస్తారట.

వెనక్కి పరిగెత్తాలనుకున్నాను. మాటిచ్చాను. నాన్నమ్మ పక్కనే నిలబడ్డాను.

అమ్మ మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అలవాటైన గొంతే. కానీ ఎప్పుడూ మంచులో వినే గొంతు అంత వెలుతురులో వింటుంటే వింతగా, కలలో ఇంట్లో దీపాలన్నీ వెలిగినట్టు ఉంది. అమ్మ తల ఎత్తుకుని నడుస్తోంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. కళ్ళు చికిలించడం లేదు.

"ఎంత ఠీవిగా నడుస్తోందే," అంది నాన్నమ్మ నా భుజం మీద చెయ్యేసి. ఆవిడ గొంతు మెత్తబడింది. "నేనెప్పుడూ మెచ్చుకోలేదు దాన్ని."

నలభై. నలభై ఒకటి. అమ్మ కుడికి జరుగుతోంది.

నాడా గాలికి కదులుతోంది. దాని అవతల నారింజరంగు నీళ్ళు. నా చెయ్యి గాలిలో ముడి కోసం వెతికింది. గొడుగుగారు చివర్లో పక్కకి తిరిగి నదిని చూస్తున్నాడు.

నలభై ఆరు.

తాడు ఒక్కసారి కదిలింది. అమ్మ ఆగింది.

"ఏమైంది?"

"నా చెప్పు జారింది అత్తా," అంది బుడ్డది.

అమ్మ నిలబడి, కాలితో తడిమింది. ఎడమకి, ఇంకా ఎడమకి జరిగింది. తాడు రెండుసార్లు కదిలింది. నడిచారు.

మరో పదిహేనడుగులకి అమ్మ మళ్ళీ జరిగింది. ఈసారి తాడు మధ్యలో కదిలింది.

"నా చెప్పు జారింది," అన్నారు కవలలిద్దరూ ఒకేసారి.

ఆ పైన వడ్రంగి మనవరాలు. ఆ పైన ఇంకొకరు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఒకరి తర్వాత ఒకరు, అందరి చెప్పులూ జారాయి.

అప్పుడు తెలిసింది నాకు. ఏడాదిగా నేను కుదిపిన ప్రతి కుదుపూ అమ్మని చేరే ముందు వాళ్ళందరి చేతుల్లో నుంచే వెళ్ళింది. నేను ఎవరి చెప్పు జారిందన్నానో వాళ్ళకి తమ చెప్పు కాలికే ఉందని తెలుసు. ఒక్కరు కూడా ఇంట్లో చెప్పలేదు. నన్ను అడగలేదు.

"చెప్పులెక్కడివర్రా?" అన్నాడు గొడుగుగారు చివర నుంచి విసుగ్గా. "అందరికీ బూట్లే కదా. లేసులు నేనే కట్టించాను."

ఆ ప్రశ్న ఖాళీ వంతెన మీద అటూ ఇటూ తిరిగింది.

నిచ్చెన కిర్రుమంది. నాన్న ఒక్కో మెట్టూ దిగాడు. పిల్లల కాళ్ళకేసి చూశాడు. తెల్లబూట్లు, రెండేసి ముడులు. నన్ను చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. అంతే, దానికి మించి నేనేమీ చెప్పలేదు. అరవలేదు. మాట తప్పలేదు.

భూతద్దం నుదుటి మీద నుంచి తీసి జేబులో వేసుకున్నాడు. జేబులో గడియారం ముళ్ళకి తగిలి చిన్న చప్పుడైంది. నడుచుకుంటూ వెళ్ళి వంతెన మధ్యలో, అమ్మకి ఎదురుగా నిలబడ్డాడు.

డెబ్భై తొమ్మిది. ఎనభై. ఎనభై ఒకటి.

మూడడుగుల దూరంలో అమ్మ ఆగింది. ఎవరో ఉన్నారని తెలిసింది. పొద్దు నాన్న వెనక ఉంది, ఆయన నీడ అమ్మ మీద పడింది. అమ్మ ముఖం ఆయన ముఖానికి కాస్త పక్కగా, భుజం దగ్గరికి తిరిగింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. రోజూ చొక్కా ఉతికి ఆరేసిన భుజం.

మర్యాదగా నవ్వింది.

"కాస్త పక్కకి జరుగుతారా బాబూ?" అంది. "వెనక పిల్లలున్నారు."

నాన్న జరగలేదు.